దేవదానం కొట్టే పాక

చోడవరం దాటాక, దేవరాపల్లి రోడ్డు పక్కన, మా పొలాన్ని ఆనుకుని ఉన్న దేవదానం చెరకు తోటలో ఒక కాపలా పాక ఉండేది. చీకటిపడ్డాక అందులో కూర్చున్నవాణ్ణి దేవదానం కొడతాడని పేరు. బతికున్నంతకాలం ఎవర్నీ పల్లెత్తు మాట అనని ముసలాయన, చచ్చాక సొంతవాళ్ళ మీదే చెయ్యి చేసుకుంటున్నాడట. చెప్పేవాళ్ళకి బుద్ధి లేకపోయినా వినేవాళ్ళకైనా ఉండాలి కదా.

మొదట దెబ్బ తిన్నది కొడుకు తిమోతి. అడవిపందుల కోసం తండ్రి జంటగొట్టాల తుపాకీ పట్టుకుని పాకలో కూర్చున్నాడు. బజార్లో కొన్న తూటా పెట్టి పేల్చాడు... అంతే, వెనక్కి విరుచుకుపడ్డాడు. భుజం ఎముక విరిగింది. ఇక కాపలాకి ఎవరూ వెళ్ళలేదు. పందులకి ఏ భయమూ లేదు, తోట సగం మేసేశాయి.

తిమోతి కొడుకు ఎరిక్‌కి విశాఖలో ఉద్యోగం. దెయ్యాన్ని నమ్మనంత చదువుకున్నాడు, అంతకుమించి కాదు. తాత పాత తూటాలు చూసి నవ్వాడట. "సగం మందే. పిట్టకి కూడా సాలదు." బజార్లో ఉన్నవాటిలో గట్టివి తెచ్చుకున్నాడు.

తర్వాత జరిగింది, టార్చి పట్టుకుని వెంట వెళ్ళిన అతని భార్య శాలోమి చెప్పింది.

చెరకాకు గరగరలాడింది... ఆగింది... పాక వెనక ఎవరో ముసలాయన దగ్గినట్టు—

"టార్చి ఆపు," అని గుసగుసలాడి పేల్చాడు.

టార్చి వేస్తే ఎరిక్ పాక బయట వెల్లకిలా ఉన్నాడు. నోటినిండా రక్తం, ముందుపళ్ళు రెండు ఊడాయి.

"తాత... కొట్టేడు."

పొద్దున్నే వెళ్ళి నేను తుపాకీ చూశాను. చెయ్యి పట్టే చోటే గొట్టం ఉబ్బింది, దాని మీద వెంట్రుకంత చీలిక. ఎప్పటిదో పల్చటి గొట్టం. దానికి తగ్గట్టే దేవదానం తక్కువ మందు తూటాలు వేసేవాడు, ఒక్కసారీ దెబ్బ తినలేదు. వీళ్ళు కొత్త తుపాకుల తూటాలు కూరారు. కొట్టింది తుపాకీయే. మళ్ళీ పేలిస్తే కొట్టి ఊరుకోదు, గొట్టం పగిలి చెయ్యి ఎగిరిపోతుంది.

ఇదంతా తిమోతికి విడమరిచి చెప్పి, ఆ ఉబ్బు చూపించాను. వేలితో తడిమాడు.

"సూసేవా బాబూ... మా నాన్న గట్టిగా పట్టుకున్నాడు ఇక్కడ."

అత్త మీద కోపం దుత్త మీద చూపించారు. పాస్టరు గారి చేత ప్రార్థన చేయించి పాక తగలబెట్టారు. తుపాకీకి మాత్రం నూనె రాసి గోడకి తగిలించారు.

ఇందాకే తిమోతి దాన్ని విరగని భుజాన వేసుకుని మా గుమ్మం ముందు నుంచి వెళ్ళాడు. జేబులో కొడుకు మిగిల్చిన తూటాలు. వద్దని చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకున్నాడు.

"పాకే లేదు కదా, ఇంక భయమేటి?"

వెధవ... ఇంకా చప్పుడు వినబడలేదు. చెవులు అటే పెట్టుకుని కూర్చున్నాను.