గరుకు తీసిన గొంతు

వీధి మలుపులో ఇద్దరు కొట్టుకోబోతున్నారు. ఒకాయన రెండో ఆయన కాలరు పట్టుకుని, మెడ నరాలు ఉబ్బేలా ఏదో అంటున్నాడు. శశాంక్‌కి అది ఇలా వినపడింది: "మీకు వీలైతే బండి కొంచెం పక్కగా పెట్టుకుంటారా అండీ?" కాలరు చిక్కినాయన పళ్ళు కొరుకుతూ, "తప్పకుండానండీ, నాదే పొరపాటు," అన్నాడు.

శశాంక్ చూపు తిప్పుకుని నడిచాడు. ఆ రోజుల్లో ఎవరూ ఎదుటివాళ్ళ మొహం చూస్తూ మాట్లాడేవారు కాదు. పెదవుల కదలికకీ చెవిన పడే మాటకీ పొంతన కుదరక కళ్ళు తిరిగేవి. దాదాపు అందరి చెవుల్లోనూ శనగబద్దంత మృదుశ్రవణి ఉండేది. జనం దాన్ని చెవిపూస అనేవారు. బయటి గొంతును అది ఆపేసి, అదే గొంతుతో, అరక్షణం ఆలస్యంగా, కాస్త నునుపు చేసి లోపలికి పంపేది. "మాట మారదు, గరుకు మాత్రమే పోతుంది" అన్నది దానితో పాటు వచ్చే హామీ. అది వచ్చాక విడాకుల కేసులు సగానికి సగం తగ్గాయి.

శశాంక్‌కి అరవై ఎనిమిదేళ్ళు. కాకినాడలోనే పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యాడు. భార్య ప్రత్యూష పోయి ఏడాది కావస్తోంది. పై వారమే సంవత్సరీకం. ఆమె చెల్లెలు మేఘనని ఫోనులో పిలిస్తే, వీలు చూసుకుని వస్తానంది. ఆ రోజున మేఘనకి వాళ్ళ అక్క గొంతు వినిపించాలని అతని కోరిక.

ఆ గొంతు ఒక్కచోటే ఉంది, ఆగిపోయిన ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లో. ప్రత్యూష చూపులేని పిల్లల బడి కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసేది. ఆ పిల్లలు చెవిపూస పెట్టుకునేవారు కాదు. వాళ్ళకి గొంతే మొహం. కొత్త యంత్రాలైతే రికార్డు చేసే గొంతును కూడా సర్దేసేవి. కరువు గురించి చదివితే, ఆ ఏడు వానలు కాస్త తగ్గాయన్నట్టుగా చేరేది. అందుకని ఆమె ముప్పై ఏళ్ళ నాటి ఆ డబ్బాని వదల్లేదు. అది ఆగిపోయిన మర్నాడు ఆమె గుండె కూడా ఆగింది.

జగన్నాథపురం వంతెన దిగితే దొరబాబు పాత సామాన్ల కొట్టు.

"కెపాసిటర్లా? ఈ యేడు వీటినడిగింది మీరొక్కరేనండి మేష్టారూ," అన్నాడు దొరబాబు, అట్టపెట్టెలు కిందికి దించుతూ. "ఆరు పాయింట్ మూడు వోల్టులవి లేవండి. పదివి ఉన్నాయి. ఎక్కువైతే పర్లేదు కదండి?"

"పర్లేదు. తక్కువైతేనే ప్రమాదం. పదిహేను వందల మైక్రోఫారడ్లవి ఐదివ్వు."

దొరబాబు చెవులు రెండూ ఖాళీగా ఉన్నాయి. శశాంక్ అది చూసి, "నువ్వు చెవిపూస పెట్టుకోవేం?" అని అడిగాడు.

"కొనేవోడు ఎంత మండిపోతన్నాడో తెలీపోతే బేరం ఎక్కడాపాలో తెలీదండి. ఇంటికాడ మా ఆవిడ కూడా పోరుద్ది. అది వినపడబట్టే టయానికి ఎళ్తన్నాను."

శశాంక్ నవ్వాడు. "మా ఆవిడ చివరి నాలుగేళ్ళూ నన్ను ఒక్క మాట అనలేదయ్యా."

"అదృష్టవంతులండి," అన్నాడు దొరబాబు. ఏ గొంతుతో అన్నాడో శశాంక్‌కి తెలిసే వీలు లేదు. పొట్లం చేతిలో పెడుతూ, "ఆరోది ఊరికే ఏశానండి. ఒకటి ఎలాగూ కాల్చేసుకుంటారు," అన్నాడు.

మధ్యాహ్నం కిటికీ పక్కన బల్ల మీద మదర్‌బోర్డు పరిచాడు. ప్రాసెసర్ చుట్టూ చిన్న డబ్బీల్లా నిలబడ్డ ఐదు కెపాసిటర్ల తలలు పూరీల్లా పొంగి ఉన్నాయి. రెండింటి అంచుల్లో గోధుమరంగు చెమ్మ కారి ఎండిపోయింది. ఒకప్పుడు విద్యార్థులకి చెప్పేవాడు: కరెంటులో ఎత్తుపల్లాలన్నీ ఇది మింగి సాఫీగా అందిస్తుంది, ఎంతకాలం మింగుతుందిరా పాపం, లోపల ఉడికి ఉబ్బుతుంది అని.

టంకం కరిగించి ఒక్కొక్కటే ఊడదీశాడు. రంధ్రాల్లో మిగిలిన సీసం తియ్యడానికి ప్రత్యూష సూది తెచ్చుకున్నాడు. దానికి ఎర్రదారం ఇంకా ఎక్కించే ఉంది. ఏ చీర అంచుకో మొదలుపెట్టి ఆపిందన్నమాట. దారం తీసి, చుట్టి, జేబులో వేసుకున్నాడు. తెల్లచార ఉన్న వైపు నెగెటివ్ అని రెండుసార్లు చూసుకుని కొత్తవి కూర్చాడు. మూడోది కాలిపోయింది. దొరబాబు ఊరికే ఇచ్చినది అక్కరకొచ్చింది.

మీట నొక్కాడు. ఫ్యాను గరగరమంది. దుమ్ము కాలిన వాసన వచ్చింది. ఒక చిన్న కూత, తర్వాత తెరమీద వెలుగు. అతనికి చేతులు జోడించాలనిపించింది.

చివరి రికార్డు ఆమె పోయే ముందురోజుది. ప్రత్యూష గొంతు మొదలైంది. ఎనిమిదో తరగతి సామాన్యశాస్త్రం, పదకొండో పాఠం. వాక్యం చివర ఆమె తీసే చిన్న ఊపిరి కూడా ఉంది. శశాంక్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కాసేపటికి చదవడం ఆపి ఆమె అంది, "ఏవండీ, వీలు చూసుకుని డాక్టరు దగ్గరికి వెళ్దామా? చెయ్యి కొంచెం లాగుతోంది."

దూరంగా అతని గొంతే, "అలాగే ప్రత్యూషా. వచ్చేవారం చూద్దాం."

"వింటున్నారా?"

"వింటున్నా."

ఇదంతా అతనికి గుర్తుంది. అంత తేలిగ్గా అడిగింది కదా అని ఏడాదిగా తనను తాను ఓదార్చుకుంటున్నాడు. అప్పుడతని చూపు తెరమీద పడింది. గొంతును బొమ్మగా చూపే ఆకుపచ్చ గీత, పాఠం చదివినంతసేపూ గడ్డిలా పొట్టిగా ఉంది. డాక్టరు మాట దగ్గర నిలువునా లేచి, పైనా కిందా అంచులకి తగిలి, తలలు తెగిపోయి ఉంది. మైకు ఓర్చుకోలేనంత శబ్దం వస్తేనే గీత అలా తెగుతుంది. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాడికి అది ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ చోటే మళ్ళీ వేశాడు. చెవిలో అదే మెత్తటి మాట. తెరమీద అదే కేక.

స్నానానికి తప్ప తియ్యని చెవిపూసని తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? నా ప్రాణం పోయాక తీసుకెళ్తారా డాక్టరు దగ్గరికి? దవడ పీకేస్తోంది, చెయ్యి పడిపోతోంది. వారం నుంచీ మొత్తుకుంటున్నా, రాయిలా కూర్చున్నారు."

"అలాగే ప్రత్యూషా. వచ్చేవారం చూద్దాం." అతని గొంతు తియ్యగా ఉంది.

కొంచెంసేపు ఆమె రొప్పు మాత్రమే. తర్వాత, అరిచే ఓపిక లేక, "ఆ చెవిలోది తీసి వినండి. ఒక్కసారి," అంది.

"వింటున్నా."

ప్రత్యూష నొప్పిని నొప్పిగా ఎన్నడూ చెప్పలేదు. జ్వరమొస్తే, మీకు వండిపెట్టడానికే పుట్టాను కదా అనేది. కాలు బెణికితే ఇంట్లో అందరినీ తిట్టేది. ఆ తిట్టు వింటే చాలు, పెళ్ళయిన కొత్తలోనే శశాంక్ తలగడ సర్ది, కాఫీ కలపడం నేర్చుకున్నాడు. యంత్రానికి ఆ అలవాటు తెలియదు. దానికి అది తగాదా. ఆమె భయం పెరిగి గొంతు ఎంత పెంచితే, అది అంత నున్నగా చెక్కింది.

చెక్కమన్నది అతనే. నాలుగేళ్ళ క్రితం, కారుతున్న కుళాయి దగ్గర మాటామాటా పెరిగిన రోజున, చెవిపూసలో "గృహశాంతి" అనే స్థాయిని ఒక్క వేలితో నొక్కాడు. నొక్కిన సంగతి వారానికే మరిచిపోయాడు. వయసు మీదపడి ప్రత్యూష నెమ్మదించిందనుకున్నాడు. చివరికి తన మీద ప్రేమ పుట్టిందని లోలోపల మురిసిపోయాడు. ఇప్పుడు అతనికి ఒక్కటే ప్రశ్న. ఆ నాలుగేళ్ళూ తనతో కాపురం చేసిందెవరు?

మర్నాడు పొద్దున్నే, చెవులు ఖాళీగా, మేఘన ఉండే సామర్లకోటకి బస్సెక్కాడు. బస్సంతా గొంతులు చించుకుని బూతులాడుతోంది. ఎవరూ ఎవరి మాటకీ ఉలిక్కిపడటం లేదు.

మేఘన పెరట్లో అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. లేవలేదు, రమ్మనలేదు.

"పదోరోజున నాతో ఏమన్నావు మేఘనా?" అని అడిగాడు.

"ఇప్పుడెందుకు బావగారూ?"

"అక్కని బాగా చూసుకున్నారని అన్నట్టు విన్నాను."

ఆమె చెయ్యి ఆగింది. "అక్క అరిచి అరిచి పోయింది, మీరు చూస్తూ కూర్చున్నారు, ఇక మీ మొహం చూడనన్నాను. మీరు నా చెయ్యి పట్టుకుని, ఆ మాట చాలమ్మా, ధైర్యం వచ్చిందన్నారు. మనిషా, రాయా అనుకున్నాను. సంవత్సరీకానికి కూడా చచ్చినా రానని చెప్పాను కదా?"

శశాంక్ అరుగు అంచు పట్టుకున్నాడు. "నువ్వన్నది నిజం. మీ అక్కని నేనే చంపుకున్నాను మేఘనా. ప్రాణం పోతోందని అరుస్తుంటే వినలేదు." గొంతు రెండు ముక్కలైంది.

మేఘన మొహం ఇంకా బిగుసుకుంది. "కొంచెం ఆలస్యమైందా? అంతేనా మీకు?"

అతనికి అర్థమైంది. తన ఖాళీ చెవి చూపించి, ఆమె చెవి వైపు వేలు పెట్టాడు. చాలాసేపు చూసి, ఆమె చెవిపూస తీసి చిక్కుడుతొక్కల్లో పడేసింది. అతను అదే మాట మళ్ళీ చెప్పాడు. ఈసారి సగం ఏడుపే.

మేఘన నోరు విప్పింది. అతన్ని తిట్టింది. చెల్లెలికైనా సరిగ్గా కబురు చెయ్యని అక్కని తిట్టింది. అరుగు మీద అరచేత్తో కొడుతూ, శోకాలు పెడుతూ తిట్టింది. ఒక్క మాటా మెత్తబడకుండా శశాంక్ చెవిలో దిగుతోంది. ఆ గొంతులో గరుకు ప్రత్యూషదే. నాలుగేళ్ళుగా వినని గరుకు. అతను తల వంచుకుని, ఆపొద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

పిట్టగోడ అవతల పక్కింటావిడ తీగమీద బట్టలారేస్తోంది. తల తిప్పకుండానే, నవ్వుతున్న గొంతుతో అంది.

"మీ బావగారొచ్చారా మేఘనగారూ? ఎంతసేపటికీ తరగవు కదండీ మీ ముచ్చట్లు."