పచ్చ చిగురు వచ్చేదాకా

"ఇదేంది?" అంటూ జాహ్నవి కౌంటర్ మీద ఒక ఆకు పెట్టింది.

మాచర్లలో మా బాబాయి పురుగుమందుల షాపు నేనే చూస్తాను. జాహ్నవి మా పక్కింటి అమ్మాయి. రెండిళ్ల మధ్య ఒకటే గోడ. ఆ గోడ మీంచి మాట కలపడానికి ఏడాదిగా దారి వెతుకుతున్నాను. ఇన్నాళ్లకు తనే నడిచొస్తే, ఆకు అటూ ఇటూ తిప్పి గొప్పగా చెప్పాను.

"వైరస్. మందు కొడితే పోద్ది."

"వైరస్‌కి మందుందా? నీకు ప్రతి ఆకూ మిరపాకేనా సాయీ? ఇది రాధామనోహరం. ముదురాకులు బాగానే ఉన్నై. లేతాకులే పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నై. సరిగ్గా చూడు."

మందు కోసం వచ్చిన మిరప రైతు రాఘవయ్య మామ కిసుక్కున నవ్వాడు. నా పరువు పోయింది.

జాహ్నవి మాత్రం నవ్వలేదు. "అది మా అమ్మ నాటిన తీగ. అమ్మ పోయాక నాకు మిగిలింది అదే. కోటప్పకొండ తిరనాళ్లకి పచ్చ చిగురు రాకపోతే పీకేసి స్కూటీకి షెడ్ వేయిస్తానంది నాయనమ్మ. ఇంకా మూడు వారాలుంది. నేను పీకనివ్వను."

ఈసారి నిజంగానే చూశాను. "ఇనుము అందట్లా. నేలలో సున్నం ఎక్కువైతే ఇట్టాగే..."

అప్పుడు గుర్తొచ్చింది. రెండు నెలల కిందట గోడకు వెల్ల వేసి, మిగిలిన బకెట్ సున్నం గోడ మీంచి ఆ తీగ మొదట్లో పోసింది నేనే. మా నాన్న చెద పట్టకుండా నిమ్మచెట్లకు సున్నం పూస్తాడు కదా, నేనూ జాహ్నవికి సాయం చేశాననుకుని మురిసిపోయాను.

సాయంత్రం పార పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. కాస్త మట్టి తీసేసరికి తెల్లటి గడ్డలు బయటపడ్డాయి.

"సున్నమా? ఎవడు పోశాడు?" అంది జాహ్నవి.

"నేనే."

"నిన్నెవరు పొయ్యమన్నారు?"

"ఎవరూ అన్లా. చెద పట్టుద్దేమోనని... ఆ పూల కోసమేగా నువ్వు రోజూ గోడ దగ్గరికొచ్చేది. తీగ పోతే నువ్వు రావుగా జాహ్నవీ."

చేతిలో పారతో ప్రేమ చెప్పినవాణ్ని పల్నాడు మొత్తంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆమె ముఖం ఎర్రబడింది. సిగ్గు కాదు, కోపమే. "చిగురు పచ్చగా వచ్చేదాకా నాతో మాట్లాడమాక."

మాట్లాడలేదు. సున్నపు మట్టంతా తీసి, పశువుల ఎరువు కలిపిన కొత్త మట్టి పోశాను. లీటరు నీటికి ఇనుము అందించే అన్నభేది ఐదు గ్రాములు, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, వారానికోసారి ఎండ తగ్గాక ఆకులన్నీ తడిసేలా కొట్టాను. జాహ్నవి పక్కనే నిలబడి నేను వదిలేసిన ఆకుల్ని వేలితో చూపించేది. నోరు మాత్రం విప్పేది కాదు. ఆ మౌనానికి ప్రాణం విసిగిపోయేది. అయినా మానలేదు.

మూడోసారి కొడుతుంటే వాళ్ల నాయనమ్మ నాగేంద్రమ్మ వసారాలోంచి కేకేసింది. "ఒరేయ్, మీ బాబాయి షాపు మూసేశాడా? మా ఇంట్లోనే మకాం పెట్టావు?"

"తీగ బతకాలి నాయనమ్మా."

"తీగ కోసమేనంట్రా?" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

తిరనాళ్ల మర్నాడు పొద్దున్నే షాపు తీసి కూర్చున్నాను. కౌంటర్ మీద ఒక ఆకు వచ్చి పడింది. లేతది, నిగనిగలాడే పచ్చ.

"షెడ్ అవతలి వైపు వేయిస్తదంట నాయనమ్మ," అంది జాహ్నవి. "నిన్ను టిఫినుకి రమ్మంది. పార లేకుండా రమ్మంది."

నేను ఆకునే చూస్తూ ఉండిపోయాను.

"ఏంది, జబ్బేమన్నా ఉందా?"

తల అడ్డంగా ఊపాను.

"మరి మాట్లాడు సాయీ. మూడు వారాల్నించి ఎదురు చూస్తన్నా."