ఎడమవైపు ఖాళీ

లెక్కల మాస్టారికి పొగరని ఆమె మొదటిరోజే తేల్చేసుకుంది. కారిడార్లో పక్కనే నడుస్తూ ఒకటికి నాలుగుసార్లు "నమస్తే సర్" అంటే, మనిషికి చీమ కుట్టినట్టయినా లేదు. చాక్‌పీసుల డబ్బా ఊపుకుంటూ దర్జాగా వెళ్ళిపోయాడు.

పోతే పోనీ. ఆమె వచ్చింది పలకరింపుల కోసం కాదు, బల్లల కోసం.

ఆ బడిలో అన్ని గదుల్లోనూ పొడుగు బెంచీలే. వాటి బదులు చక్రాల బల్లలు పెట్టి, పాఠాన్ని బట్టి గదిని మార్చుకునేలా ఆమె డిజైన్ గీసింది. వడ్రంగి అయిన వాళ్ళ నాన్న, "నేను చేసిన బెంచీ ఏ బడి నుంచీ తిరిగి రాలేదు. నీ మాట మీద చేస్తున్నా, చూసుకో మరి" అని గొణుగుతూనే పన్నెండు బల్లలు చేసిచ్చాడు. వాటిని ఒక గదిలో పెట్టించిన పెద్ద మేడం గట్టి షరతే పెట్టింది. పదిరోజులు వాడాక టీచర్లలో ఏ ఒక్కరు వద్దన్నా బల్లలు వెనక్కి.

ఆ ఒక్కరెవరో మొదటి మీటింగులోనే తెలిసిపోయింది.

"బెంచీలకేం తక్కువండీ?" అన్నాడు లెక్కల మాస్టారు.

"కదలవు సర్."

"అదే కదా వాటి గొప్పతనం."

"పిల్లలు కదులుతారు కదా."

"అందుకే బెంచీలు కదలకూడదు, టేపు మేడం."

అందరూ నవ్వారు. మెడలో కొలతల టేపు వేసుకు తిరిగే ఆమెకు ఆ పేరు ఖాయమైపోయింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో వాదించి ఏం లాభం? అసలు ఎందుకు వద్దంటున్నాడో కనిపెట్టాలని మాత్రం ఆమెకు పట్టుదల పుట్టింది.

పీరియడ్ అయిన ప్రతిసారీ ఆ గదిలోకి వెళ్ళి, బల్లలు ఎలా ఉన్నాయో పుస్తకంలో గీసుకునేది. భాష చెప్పే టీచర్ గుండ్రంగా పెట్టించేది. డ్రాయింగ్ సారు పిల్లల ఇష్టానికి వదిలేసేవాడు. లెక్కల మాస్టారి క్లాసు బొమ్మ మాత్రం రెండోరోజు నుంచీ ఒకటే. బోర్డు దగ్గర తను, బల్లలన్నీ అతని కుడివైపు ఇరుక్కుని. ఎడమవైపు సగం గది బోసిగా ఉండేది.

ఎండ పడుతుందనా? కర్టెన్ వేయించింది. ఫ్యాన్ చప్పుడా? ఆపించింది. అయినా అదే బొమ్మ. ఆమెకు అన్నం తింటున్నా అదే ఆలోచన.

మంగళవారం అతను బోర్డు తుడుస్తుంటే, ఎడమవైపు నుంచి వెళ్ళి, "సర్, మీ చొక్కాకి సుద్ద అంటింది" అంది. ఉలుకూ పలుకూ లేదు. చుట్టూ తిరిగి కుడివైపుకొచ్చి, అదే గొంతుతో అదే మాట అంది. అతను వెంటనే తిరిగి, భుజం దులుపుకుని, "థాంక్సండీ" అన్నాడు.

నాలుగు నమస్తేలూ తను ఏ వైపు నుంచి పెట్టిందో గుర్తొచ్చి ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఆ రోజు నుంచి పుస్తకంలో బల్లలు తగ్గాయి. అతని క్లాసులో వెనక చేరి, అడిగిన ప్రతి పిల్ల దగ్గరికీ అతను వంగి వినడం, అందరూ నవ్వాక ఒక్క క్షణం ఆగి నవ్వడం చూస్తూ కూర్చుండిపోయేది. నిజం ఒప్పుకోవాలంటే, మనిషి నచ్చేశాడు.

శుక్రవారం మీటింగులో అందరూ ఊఁ అన్నారు. లెక్కల మాస్టారు మాత్రం, "వద్దు" అన్నాడు.

"కారణం?" అంది పెద్ద మేడం. అతను తల దించుకున్నాడు. "నువ్వేమైనా చెప్తావామ్మా?" అని ఆమెవైపు తిరిగింది.

కారణం ఆమె ఒళ్ళోనే ఉంది, తొమ్మిది బొమ్మలుగా. విప్పి చూపిస్తే గెలిచినట్టే. నాన్న మొహం కళ్ళముందు మెదిలింది. అయినా పుస్తకం మూసేసింది.

"ఏం లేదు మేడం. ఒక్క టీచరుకి కుదరకపోయినా నా గది కుదరనట్టే. బల్లలు రేపు తీయించేస్తాను."

అతను ఆ పుస్తకంవైపు, ఆమెవైపు మార్చి మార్చి చూసి, నెమ్మదిగా లేచాడు.

"నాకు చిన్నప్పట్నుంచీ ఎడమ చెవి వినపడదు మేడం. వరసల్లో అయితే పెదాలు చూసి నెట్టుకొస్తాను. మొదటిరోజు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టాను. ఒక పాప మూడుసార్లు అడిగి ఊరుకుందట. సాయంత్రం ఎవరో చెప్తే తెలిసింది. ఇంకే పిల్లా అలా ఊరుకోకూడదు. నా భయం అంతే."

ముందుగా ఆమే తేరుకుంది.

"పిల్లలకి చక్రాలు పెట్టి మిమ్మల్ని ఒక్కచోట నిలబెట్టాను సర్, తప్పు నాదే. మీకు గిర్రున తిరిగే స్టూలు చేయిస్తాను. ప్రతి బల్లకీ ఎర్ర పలక బిగిస్తాను. డౌటొస్తే పిల్లలు దాన్ని పైకి లేపుతారు. ఏ మూలనున్నా కనపడుతుంది."

"అది నాకూ కావాలి" అంది భాష టీచర్. పెద్ద మేడం మరో పదిరోజులు గడువిచ్చింది.

సాయంత్రం బస్‌స్టాప్‌లో ఇద్దరే. రేకు కప్పు మీద వాన సన్నగా పడుతోంది. ఆమె అతని కుడివైపు నిలబడింది.

"మీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడు.

"మంగళవారం."

"చెప్పేస్తే మీ పని అయిపోయేది కదా."

"బల్లలు నావి. చెవి మీది."

అతను నవ్వాడు. వాన ఒక్కసారిగా పెరిగి రేకు మీద దంచేస్తుంటే, ఉన్నమాట చెప్పేశాడు. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ. ఈ చప్పుడులో మీ జవాబు నాకు వినపడదు. తల ఊపినా చాలు."

ఆమె తల ఊపలేదు. అతని మొహం పాలిపోయింది. బస్సు వచ్చింది, వెళ్ళింది. ఆమె ఎక్కలేదు. రెండోదీ వెళ్ళింది. ఆమె కళ్ళు రేకు మీదే ఉన్నాయి. చివరికి వాన తెరిపిచ్చి, చప్పుడు ఆగింది.

అప్పుడు అతనివైపు తిరిగింది.

"నాకూ ఇష్టమే. ఇది మీకు వినపడాలని ఆగాను. మా నాన్నతో మాత్రం మీరే మాట్లాడాలి. భయపడకండి, ముప్పై ఏళ్ళు రంపం మిషన్ పక్కన పనిచేసిన మనిషి. మా ఇంట్లో అందరం అరిచే మాట్లాడుకుంటాం."