పోచవ్వ ఇచ్చిన పాత చీర

మధ్యాహ్న భోజనం అయిపోయింది. నల్లా దగ్గర పిల్లలంతా పళ్ళేలు కడుక్కుంటున్నారు. సుచిత్ర మాత్రం ఒక నల్ల కవరును వీపు వెనక దాచుకుని గోడకు ఆనుకుని నిల్చుంది.

"ఏందే గది?" అడిగింది అర్షీన్. ఇద్దరిదీ ఐదో తరగతి, ఒకే బెంచీ. ఒకరి దగ్గర ఒకరు ఏదైనా దాచడం ఇదే మొదటిసారి.

"ఏం లేదు."

"రోజారాణి ఆంటీకి ఇచ్చే బట్టనా? చూపియ్యి."

"చూపియ్య."

రోజారాణి ఎవరో మీకు చెప్పాలి. ఆమెది సిద్దిపేటే. బడి వెనక గల్లీలోనే ఇల్లు. ఆమె నర్సు. ఆఫ్రికాలో మలావి అనే దేశంలో ఒక క్రైస్తవ మిషన్ దవాఖాన ఉంది. అక్కడ పిల్లల వార్డులో పని చేస్తుంది. రెండేళ్ళకోసారి ఇంటికి వస్తుంది. ఈసారి వచ్చినప్పుడు బడికి కూడా వచ్చి పిల్లల్ని ఒక్కటే అడిగింది.

"మీ ఇంట్ల పాత నూలుబట్ట ఒక్కటి ఉతికి తెస్తరా? చీరో, ధోతో, ఏదైనా సరే. పైసలు వద్దు. కొత్తది అసలే వద్దు. మా వార్డుల పిల్లలకు కింద పరుస్తం."

ఇవాళ మూడింటికి ఆమె వచ్చి అవి తీసుకుంటుంది. రేపు పొద్దున్న ఐదింటి బస్సుకు హైదరాబాద్ వెళ్ళి అక్కడ విమానం ఎక్కుతుంది.

సుచిత్ర ఇంట్లో ఈ మాట వినగానే నాయినమ్మ పోచవ్వ ట్రంకుపెట్టె తెరిచింది. అడుగు నుంచి ఒక చీర తీసింది. ఒకప్పుడు అది ఎర్ర చీరేనట. ఇప్పుడు ఏ రంగో చెప్పడం కష్టం. నడి మధ్యలో అరచేయంత నీలం అతుకు ఒకటి. పోచవ్వ దాన్ని చెంపకు ఆనించుకుంది. తర్వాత మడత పెట్టి సుచిత్ర చేతికిచ్చింది.

"పైలంగ ఇయ్యి బిడ్డా" అంది.

దారంతా సుచిత్రకు ఆ అతుకే కళ్ళ ముందు కనిపించింది. బడికి వచ్చి చూస్తే రమ్య తెల్లటి దుప్పటి తెచ్చింది. ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. మిగతావాళ్ళవి పాతవే అయినా అతుకు ఉన్నది ఒక్కటీ లేదు. అందుకే ఈ దాపరికం.

సుచిత్ర ఒక ఆలోచన చేసింది. ఇంటికి వచ్చినవాళ్ళు 'చాయ్ వద్దమ్మా' అంటారు. అమ్మ పెట్టక మానుతుందా? వాళ్ళు తాగక మానుతారా? కొత్తది వద్దని రోజారాణి ఆంటీ అనడం కూడా అలాంటి మర్యాదే అనుకుంది. తెలివైన ఆలోచనే. కాకపోతే తప్పు.

బెల్లు కొట్టడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. సుచిత్ర ఇంటికి ఒకే పరుగు తీసింది.

బాపు నాగేశ్ మగ్గం మీద ఉన్నాడు. వాళ్ళది దుబ్బాక. మూడేళ్ళ కిందట సిద్దిపేటకు వచ్చినా పని మారలేదు. తువ్వాళ్ళు నేస్తాడు.

"బాపూ, బడికి ఒక తువ్వాల గావాలె. కొత్తది."

"గా కట్టలకెళ్ళి ఒకటి తీస్కో. నిన్ననే కోసిన. వాడేముందు నాలుగైదు సార్లు నీళ్ళల్ల నానవెట్టి ఉతకాలె, యాదికుంచుకో. గంజి పోవాలె."

"సరే బాపూ" అంది సుచిత్ర. సగం వింది. ఉతికితే తళతళ పోదా? నిటారుగా నిలబడిన అంచు వాలిపోదా? అందుకే మిగతా సగం వినదలుచుకోలేదు.

ఆ తర్వాత ఆమె చేసిన పని చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. కానీ చెప్పకపోతే కథ ముందుకు నడవదు. బడికి వెళ్ళే దారిలో అర్షీన్ వాళ్ళ నాన్న జానీ పాషా బండ్లు బాగుచేసే దుకాణం ఉంది. సుచిత్ర నల్ల కవరు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది.

"చాచా, పాత బట్ట. చేతులు తుడుసుకోనీకి."

"అరె, మంచి పని చేసినవ్ బేటీ" అన్నాడు జానీ పాషా. నాయినమ్మ చీర ఇంజనాయిలు డబ్బా పక్కకు వెళ్ళిపోయింది.

మూడింటికి రోజారాణి వచ్చింది. పెద్ద సూట్‌కేసు తెరిచి బల్ల మీద పెట్టింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి బట్ట ఇస్తున్నారు. ఆమె ఏ బట్టనూ విప్పి చూడలేదు. చెంపకు ఆనించుకుని "మెత్తగున్నది, థాంక్స్ బిడ్డా" అని సూట్‌కేసులో పెడుతోంది. రమ్య దుప్పటి కూడా లోపలికి వెళ్ళింది. చూడ్డానికి కొత్తగా ఉంది గానీ వాళ్ళ తాతయ్య ఏళ్ళ తరబడి కప్పుకున్నదేనట.

సుచిత్ర తువ్వాల వంతు వచ్చింది. క్లాసంతా "అబ్బ!" అంది. సుచిత్ర మెడ కాస్త పొడుగైంది.

రోజారాణి దాన్ని చెంపకు ఆనించుకుని ఒక్క క్షణం ఆగింది.

"మీ బాపు నేసిండా? ఎంత మంచి చెయ్యి!" అని కుర్చీ మీద విడిగా పెట్టింది.

తనది ప్రత్యేకంగా పెట్టారని సుచిత్ర పొంగిపోయింది.

బట్టలన్నీ అయ్యాక రోజారాణి తన వార్డుకు వీడియో కాల్ చేసింది. తెర మీద ఒక పెద్ద గది, వరసగా ఇనుప మంచాలు కనిపించాయి. ఒక మంచం మీద ఐదేళ్ళ బాబు బోర్లా పడుకుని ఉన్నాడు. వీపు నిండా కట్టు. తల తిప్పి ఫోన్ వైపు చూసి చెయ్యి ఊపాడు.

"వీని పేరు చిసోమో. వాళ్ళమ్మ కట్టెల పొయ్యి మీద జావ కాస్తుంటె గిన్నె ఒరిగి వీని వీపు మీద పడ్డది. దవాఖానకు రానీకి బస్సు కిరాయి లేదు. ఆమె వీన్ని ఎత్తుకొని ఒక రాత్రి, ఒక పగలు నడిచింది. మా దగ్గర పైసలు అడగం. గందుకే అందరు గంత దూరం నడిచొస్తరు."

"నొప్పి లేస్తదా ఆంటీ?" అర్షీన్ అడిగింది.

"పుండు మానుతున్నది. కానీ కొత్త తోలు చాల పల్చగ ఉంటది. వెల్లకిల పండవెడితె కొంచెం గరుకుబట్ట తగిలినా ఏడుస్తడు. మెత్తటివి మా దగ్గర తక్కువ. అవి ఉడకవెట్టి ఆరేసినంత సేపు వీడు ఉత్త రెగ్జిన్ పరుపు మీదనే పండాలె. చెమటకు అంటుకపోతడు."

చిసోమో పక్కన కూర్చున్న వాళ్ళమ్మ ఏదో అంది. రోజారాణి నవ్వి, "బట్టలు తెచ్చేది మర్చిపోకు అంటుంది" అని చెప్పింది.

"ఆంటీ, గంత దూరం మీరెందుకు పోయిన్రు?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"నాకు ఆరేండ్లప్పుడు పెద్ద జొరమొచ్చింది. మిషన్ దవాఖానల ఒక సిస్టరమ్మ నెల దినాలు నా మంచం ఇడిసి పోలె. ఆమెది ఏ దేశమో కూడ మాకు తెల్వదు. గామె ఎవల పిల్లకో చేసింది గద, నేను కూడ చెయ్యాలె అనుకున్న. యేసుప్రభువు నాకు చెప్పిన పని గదే అని నా నమ్మకం."

సుచిత్ర కళ్ళు కుర్చీ మీది తువ్వాలపైకి వెళ్ళాయి.

"ఆంటీ, నా తువ్వాల చిసోమోకు వేస్తరా?"

"గిది మేం చేతులు తుడుసుకోనీకి పనికొస్తది బిడ్డా. గంజి ఉన్నది గద, వానికి గుచ్చుకుంటది." ఆమె మెల్లగానే చెప్పింది. అయినా సుచిత్రకు చెవులు వేడెక్కాయి.

చివరి బెల్లు కొట్టీ కొట్టగానే సుచిత్ర అర్షీన్ చెయ్యి పట్టుకుని జానీ పాషా దుకాణానికి పరిగెత్తింది. దారిలోనే జరిగింది మొత్తం చెప్పేసింది. అర్షీన్ ఇంకా వేగంగా పరిగెత్తింది.

దుకాణంలో ఒక స్కూటర్ విప్పి ఉంది. జానీ పాషా చేతిలో వెలిసిపోయిన గుడ్డపేలిక. దాని నిండా నల్లటి గ్రీజు.

"చాచా, మొత్తం చింపినవా?" అడిగింది సుచిత్ర.

"ఎందుకు బేటీ, ఏమైంది?"

అర్షీన్ గబగబా చెప్పింది. జానీ పాషా చేతిలో పేలికను చూసుకున్నాడు. మెల్లగా దాన్ని పక్కన పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని అలమార తెరిచాడు.

"ఒక గజమంత చింపిన. మిగిలింది చింపబుద్ధి గాలె. గింత మెత్తటి బట్ట యాడ దొరుకుతది? అద్దాలు తుడువనీకి దాచిన. తీస్కపో."

మిగిలిన చీరలో నీలం అతుకు అలాగే ఉంది. సుచిత్ర దాన్ని రెండు చేతులా గుండెకు అదుముకుంది.

ఇంటి ముందు పోచవ్వ చాటలో బియ్యం ఏరుతోంది. మనవరాలి చేతిలో చీర చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇయ్యలేదా?"

సుచిత్ర అబద్ధం చెప్పాలనుకోలేదు. చెప్పాలనుకున్నా వచ్చేది కాదు.

"నాకు సిగ్గయ్యింది నాయినమ్మా. అతుకున్నదని జానీ చాచాకు తుడుసుకోనీకి ఇచ్చిన. కొంత చిరిగింది." అంటూనే ఏడ్చేసింది.

పోచవ్వకు బాధ కలిగింది. ముఖంలో కనిపించింది కూడా. చీర చేతిలోకి తీసుకుని చిరిగిన అంచును వేలితో తడిమింది.

"పుట్టిన బిడ్డకు మనం కొత్తబట్ట ఎయ్యం. ఎందుకో తెలుసా? గుచ్చుకుంటది. కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడ్డ చీరల పండవెడ్తం. నువ్వు పుట్టినప్పుడు పిడికెడంత ఉన్నవు. ఒళ్ళంత ఎర్రగ, తాకితె ఏడుస్తుంటివి. ఇరవై ఒక్క దినాలు నిన్ను గిండ్లనే పండవెట్టిన. ఇన్నేండ్లు గందుకే దాచుకున్న."

సుచిత్ర వెక్కిళ్ళు ఆగిపోయాయి. చీర వైపు, నాయినమ్మ వైపు చూసింది.

"మరి ఎందుకిచ్చినవ్?"

"గా దవాఖాన పిల్లలకు అవుసరం గద బిడ్డా. పెట్టెల ఉండి ఏం జేస్తది?"

సుచిత్ర బకెట్ తెచ్చింది. తనే సబ్బు పెట్టి ఉతికింది. ఇంజనాయిలు వాసన పోయేదాకా మూడు నీళ్ళు మార్చింది. ఎండ దిగిపోతోంది. బాపు విషయం విని మగ్గం ఆపాడు. మగ్గానికి అడ్డంగా దండెం కట్టి, చీర ఆరేసి, ఫ్యాను పెట్టాడు. పాత బట్ట కదా, దీపాలు పెట్టే వేళకే ఆరిపోయింది.

రోజారాణి ఇంట్లో సూట్‌కేసుకు తాళం పడబోతోంది. సుచిత్ర గుమ్మంలోనే నిలబడి జరిగిందంతా చెప్పింది. ఒక్కటీ దాచలేదు. చివరికి చీర ముందుకు చాపింది.

రోజారాణి దాన్ని చెంపకు ఆనించుకుంది. ఈసారి చాలాసేపు తియ్యలేదు.

"నాలుగు దుప్పట్లయితయి బిడ్డా" అంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. సూట్‌కేసులో అన్నిటికన్నా పైన దాన్ని పెట్టింది.

"ఆంటీ, గా తువ్వాల నాకు మళ్ళ ఇయ్యున్రి" అంది సుచిత్ర.

"ఎందుకు?"

"మీరు మళ్ళ వచ్చేటాలకు మెత్తగ చేసిస్త."

మూడు వారాల తర్వాత బడికి ఒక ఫొటో వచ్చింది. టీచర్ క్లాసులో అందరికీ చూపించింది. చిసోమో ఇప్పుడు బోర్లా పడుకుని లేడు. మంచం మీద కూర్చుని అరటిపండు తింటున్నాడు. కింద పరిచిన వెలిసిపోయిన ఎర్ర బట్ట మీద నీలం అతుకు స్పష్టంగా కనిపిస్తోంది.

"గా అతుకు చూడు! గంత పాతది ఎవలిచ్చిన్రే?" రమ్య పక్కమ్మాయి చెవిలో అంది. ఆమె గుసగుస ఎప్పుడూ క్లాసంతా వినిపిస్తుంది.

సుచిత్ర లేచి నిలబడింది.

"మేమిచ్చినం. అది మా నాయినమ్మ చీర. నేను పుట్టినప్పుడు నన్ను గూడ గండ్లనే పండవెట్టిన్రు."

రమ్య ఫొటోను మళ్ళీ చూసింది, సుచిత్రను చూసింది. "మా ఇంట్ల గూడ మా అమ్మమ్మది ఒకటున్నది. అడుగుత" అంది. ఈసారి నిజంగానే మెల్లగా అంది.

ఆ సాయంత్రం సుచిత్ర ఇంటికి వచ్చి దండెం మీది తువ్వాల తీసింది. అప్పటికి తొమ్మిదిసార్లు ఉతికింది. తళతళ ఎప్పుడో పోయింది. అంచులు వాలిపోయాయి.

కళ్ళు మూసుకుని చెంపకు ఆనించుకుంది. కొంచెం మెత్తబడింది. కానీ చిసోమో వీపుకు ఇది చాలదు.

బకెట్‌లో నీళ్ళు పట్టి మళ్ళీ నానబెట్టింది.