వెనక్కి పట్టిన లైటు

తాతారావు కొట్లో కీచైన్ లైట్లు ఒక తాడుకు వేలాడుతున్నాయి. సోఫియా వాటిలోంచి రెండు ఏరి చేతిలో పట్టుకుంది.

ఒంటిపూట బడి వదిలి అరగంట అయింది. ఆ రోజు శుక్రవారం, అరకు సంత. సోఫియా ఆరో తరగతి చదువుతోంది. పక్కన ఆమె బెంచీలోనే కూర్చునే సాయిదుర్గ ఉంది.

సోఫియా చేతిలో ఉన్న మొదటి లైటు వేలంత ఇనుప గొట్టం. వంద రూపాయలు. రెండోది అగ్గిపెట్టెలో సగమంత ఉన్న ప్లాస్టిక్ ముక్క. అరవై రూపాయలు.

సోఫియా గొట్టం మీద మీట నొక్కింది. ఎదుటి కొట్టు టార్పాలిన్ నీడలో తెల్లటి చుక్క పడింది. ప్లాస్టిక్‌ది నొక్కితే అక్కడ ఏమీ కనపడలేదు.

"గొట్టమే తీసుకోయే. ఎదర కొండ దాకా పోతాది," అంది సాయిదుర్గ. "ఆ ప్లాస్టిక్‌దేటి, మిణుగురు పురుగునాగ!"

తాతారావు శృంగవరపుకోట మనిషి. ప్రతి శుక్రవారం సరుకు రైల్లో వేసుకుని వస్తాడు. ఆయన ఇద్దరినీ చూసి, "ఎవరికమ్మా లైటు?" అని అడిగాడు.

లైటు మామ్మకి. ఆ మాట చెబితే ఆయన ప్లాస్టిక్‌దే చేతిలో పెడతాడని సోఫియాకి అనిపించింది. రేపు బడిలో సాయిదుర్గ అందరికీ మిణుగురు పురుగు సంగతి చెబుతుంది.

"నాకే," అంది సోఫియా.

తాతారావు గొట్టాన్ని కాగితంలో చుట్టి ఇచ్చాడు.

సోఫియా మామ్మ పేరు మగ్దలేనమ్మ. ఊరి పైన గుట్ట మీదున్న చర్చి తాళంచెవి ఆమె దగ్గర ఉంటుంది. తాత లాజరస్ బతికున్నప్పుడు ఆయన దగ్గర ఉండేది. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. పాస్టరుగారు అరకు నుంచి ఆదివారాలు మాత్రమే వస్తారు. ఈస్టరుకు ముందు నలభై రోజులు మాత్రం ఊరి ఆడవాళ్ళు రోజూ తెల్లవారకముందే గుట్టెక్కి ప్రార్థన చేసుకుంటారు. మామ్మ ముందు నడుస్తుంది. వెనక ఐదుగురు వస్తారు.

ఇళ్ళు దాటాక కాఫీ తోట, తోట దాటాక గెడ్డ. గెడ్డలో మోకాలి లోతు నీళ్ళు పారుతుంటాయి. దాటడానికి ఏడు రాళ్ళున్నాయి. మూడో రాయి కదులుతుంది. అవతలి ఒడ్డు నుంచి చర్చి దాకా ఎక్కుడే.

ఆ దారిలో ముందు నడిచే మనిషి దీపం ముందుకు పట్టదు. చెయ్యి వీపు వెనక పెట్టి, వెనకవాళ్ళ పాదాల మీద వెలుగు పడేలా పట్టుకుంటుంది. దారి తెలిసిన మనిషినే ముందు పెడతారు కాబట్టి ఆమె చీకట్లో నడవగలదు. వెనకవాళ్ళకే వెలుగు కావాలి. మొదట్లో మామ్మ లాంతరు పట్టుకునేది. కిరసనాయిలు దొరకడం మానేశాక మూడు సెల్లుల టార్చి పట్టుకుంది. దాని బరువుకు మణికట్టు వాచింది. ఫోన్లు ఎవరూ తీసుకురారు. వరసలో నడిచే చిన్నమ్మి ఫోను ఒకసారి గెడ్డలో పడి మళ్ళీ పనిచేయలేదు.

అందుకని సోఫియా నాన్న దైవాధీనం ఆ ఉదయం వంద కాగితం ఇచ్చి, "తాళంచెవికి తగిలించుకునే లైటొకటి తే. మామ్మ సేతికి బరువుండకూడదు," అని చెప్పాడు. ఆయన అరకు, పాడేరు మధ్య జీపు నడుపుతాడు.

సాయంత్రం మామ్మ గొట్టాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది.

"వంద పెట్టావేటే గుంటా?"

"ఎదర కొండ దాకా పోతాది మామ్మా."

మామ్మ మీట నొక్కింది. దూలం మీద చుక్క పడింది. ఆమె దాన్ని కాసేపు చూసి, లైటును తాళంచెవి రింగుకు ఎక్కించింది.

ఆదివారం సోఫియా కూడా గుట్టెక్కింది. వరసలో అందరికన్నా వెనక నడిచింది. ముందు మామ్మ, ఆమె వెనక అమ్మ రత్నాలు, ఆ వెనక మిగతావాళ్ళు. కాఫీ తోటలో వరస మాటిమాటికీ ఆగింది. మామ్మ ఆగి, వెనక్కి తిరిగి, ఒక వేరు మీద చుక్క పెట్టి చూపించి, మళ్ళీ ముందుకు తిరిగి నడుస్తోంది. గెడ్డ దగ్గర ప్రతి రాయి మీదా అలాగే వెనక్కి తిరిగింది.

"అత్తా, ఈ లైటు..." అని రత్నాలు ఏదో అనబోయింది.

"బాగున్నాది. ఎదర కొండ దాకా పోతంది మా గుంట తెచ్చిన లైటు. పదండి బేగి," అంది మామ్మ.

వెనకనున్న సోఫియా ఆ మాట విన్నది. మామ్మ ఇంతకుముందు ఎప్పుడూ వెనక్కి తిరగలేదని ఆమెకు తెలుసు. అయినా వరసతో పాటు ముందుకు నడిచింది.

బుధవారం సోఫియా నిద్ర లేచేసరికి ఆరయింది. పొయ్యి వెలిగించి లేదు. ఇంట్లో ఎవరూ లేరు. ఆమె వీధిలోకి వచ్చేసరికి నలుగురు మగవాళ్ళు కాఫీ తోటలోంచి ఒక మంచం మోసుకొస్తున్నారు. మంచం మీద మామ్మ ఉంది. పక్కన నడుస్తున్న అమ్మ చీర నడుము దాకా తడిసి ఉంది.

నాన్న జీపు వెనక తలుపు తెరిచాడు.

"మామ్మా!" అంది సోఫియా.

"బడికెల్లు," అంది మామ్మ కళ్ళు తెరవకుండా. "అన్నం తిని ఎల్లు."

విశాఖలో ఆపరేషన్ చేశారు. తుంటి ఎముక విరిగింది. పన్నెండు రోజుల తరవాత నాన్న మామ్మను ఇంటికి తెచ్చాడు. జీపులోంచి ముందు ఒక వాకరు దిగింది. డాక్టరుగారు ఇంట్లో నాలుగడుగులు వేయొచ్చన్నారు. ఎక్కుడు ఎక్కకూడదన్నారు.

"ఎన్నాళ్ళు?" అని సోఫియా అడిగింది.

నాన్న వంగి వాకరు కాళ్ళు సరిచేశాడు.

"ఇంక ఎక్కలేదమ్మా," అన్నాడు.

ఆ సాయంత్రం చిన్నమ్మి చూడ్డానికి వచ్చింది. ఆమె, రత్నాలు పెరట్లో నిలబడి మాట్లాడుకున్నారు. సోఫియా కుండీ దగ్గర గిన్నెలు కడుగుతోంది.

"ఎలా పడిపోనాదే అంత తెలిసిన మనిసి?" అంది చిన్నమ్మి. ఆ రోజు ఆమె ప్రార్థనకు వెళ్ళలేదు.

"ఆ లైటు సూదినాగ పడతాది గదా అక్కా. ఎనక్కి పట్టుకుంటే ఒక్క కాలి ఏలు కనబడతాది, అంతే. అందుకని ప్రతి రాయికాడా తిరిగి సూపించేది. మూడో రాయి మీద నాకోసం తిరిగింది. రాయి కదిలింది. లైటు నీళ్ళల్లో పడి ఎలుగుతానే ఉంది."

"మరి గుంటకి సెప్పారేటి?"

"సెప్పొద్దంది అత్త."

సోఫియా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. కుళాయి నీళ్ళు కుండీ నిండి పొర్లాయి.

అన్నాలయ్యాక ఆమె మామ్మ మంచం దగ్గర కూర్చుంది. తాళంచెవి గోడకు మేకు మీద ఉంది. గొట్టం లైటు దానికే వేలాడుతోంది. మామ్మ పడ్డ రోజు నుంచి చీకట్లో ఎవరూ గుట్టెక్కలేదు.

"మామ్మా. లైటు బాగోలేదని నాకెందుకు సెప్పలేదు?"

మామ్మ ఆమె వైపు చూసింది. ఎవరు చెప్పారని అడగలేదు.

"సంబరంగా తెచ్చావు గదే."

"కొట్టాయన ఎవరికని అడిగాడు. నీకని సెప్పలేదు. నాకే అన్నాను." సోఫియా గోడ మీది లైటు వైపు చూసింది. "సెప్పుంటే వేరేది ఇచ్చేవాడు."

మామ్మ చూపు కూడా లైటు మీదికి వెళ్ళింది.

"నానూ సెప్పాల్సిందే," అంది. "మొదటి రోజే సెప్పాల్సింది. నీ మొకం సిన్నబోతాదని ఊరుకున్నాను." ఆమె దుప్పటి మీద చెయ్యి కదిపింది. సోఫియా ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. మామ్మ ఏడవొద్దని అనలేదు.

కాసేపటికి, "ఈస్టరుకి ఇంకెన్ని రోజులే?" అని అడిగింది.

"పదమూడు."

"ముప్పై ఏళ్ళలో ఒక్క ఈస్టరు తప్పనేదు నాను," అంది మామ్మ. గోడ వైపు తిరగబోయింది. తుంటి నొప్పికి తిరగలేకపోయింది.

మర్నాడు బడి నుంచి వచ్చాక సోఫియా ఒంటరిగా కాఫీ తోటలోకి వెళ్ళింది. అడుగులు లెక్కపెట్టుకుంటూ గెడ్డ దాకా నడిచి తిరిగొచ్చింది.

"మామ్మా, పనస చెట్టు దాటాక ఒక వేరు అడ్డంగా ఉంది. ఆ తరవాత ఏటి?"

"వేరు దాటాక పదకొండు అడుగులు. అప్పుడు దారి కుడికి దిగుతాది. రాయి సల్లగా తగులుతాది కాలికి."

"చెప్పులతో నడిచాను."

"సెప్పులిప్పి నడువు. కాలికి తెలియాలి."

ఆ రోజు నుంచి రోజూ అదే పని. సోఫియా నడిచి వస్తుంది. మామ్మ మంచం మీద కళ్ళు మూసుకుని దారి చెబుతుంది. మూడో రాయి దగ్గర ఎడమ అంచు మీద కాలు పెట్టాలి. ఆరో రాయి మీద నాచు ఉంటుంది. నాలుగో రోజుకి సోఫియా కళ్ళు మూసుకుని ఏడు రాళ్ళూ దాటింది.

శుక్రవారం మళ్ళీ సంతకు వెళ్ళింది. ఈస్టరుకు గాజులు కొనుక్కోమని నాన్న ఇచ్చిన డబ్బు పిడికిట్లో ఉంది. సాయిదుర్గ కూడా వెంట వచ్చింది.

సోఫియా తాడు మీది ప్లాస్టిక్ లైటు తీసుకుంది. తాతారావు బల్ల ముందు టార్పాలిన్ నేల దాకా వేలాడుతోంది. ఆమె దాన్ని ఎత్తి బల్ల కిందికి దూరింది.

"ఏటే గుంటా, బల్ల కింద ఏటి సేత్తన్నావు?"

"చీకటి కావాలి," అంది సోఫియా లోపలి నుంచి.

"సీకటి నాను అమ్మనే!"

ఆమె చెప్పులిప్పి లైటు నొక్కింది. రెండు పాదాలూ కనిపించాయి. వాటి చుట్టూ జానెడు మట్టి, ఒక ఉల్లి పొట్టు కనిపించాయి. చెయ్యి వెనక్కి పెట్టి, తల తిప్పి చూసింది. వెనకున్న అట్టపెట్టెల అడుగులన్నీ కనిపించాయి. బొటనవేలు తీసి, చూపుడువేలు పక్కతో నొక్కి చూసింది. వెలిగింది.

బయటికొచ్చి ఇంకో లైటు తీసుకుని మళ్ళీ దూరింది. మూడుసార్లు అలా చేసింది. సాయిదుర్గ నవ్వబోయి, సోఫియా మొహం చూసి మానేసింది. టార్పాలిన్ అంచు వెలుతురు రాకుండా పట్టుకుని నిలబడింది.

చివరికి సోఫియా మొదటిదే తీసుకుంది.

"నీళ్ళల్లో పడితే?"

"ఆరబెట్టుకోవాలి. పోతే పోతాది. అరవై రూపాయల్ది," అన్నాడు తాతారావు. "ఛార్జింగు మాత్రం రెండు రోజులకోసారి పెట్టు. ఇంతకీ ఎవరికి?"

"ముందు గొట్టం లైటు కొన్నప్పుడు అబద్ధం చెప్పానండి. అది మా మామ్మకి."

"మరి ఇదీ మామ్మకేనా?"

సోఫియా లైటును ఒకసారి నొక్కి ఆర్పింది.

"మా మామ్మ వెనక నడిచేవాళ్ళకి," అంది.

ఈస్టరు రోజున తెల్లవారుజామున నాలుగు గంటలకే ఇంటి ముందు అందరూ చేరారు. నాన్న ప్లాస్టిక్ కుర్చీ వరండాలో వేసి, మామ్మను తెచ్చి కూర్చోబెట్టాడు. ఆమె తెల్లచీర కట్టుకుంది. ఒళ్ళో తాళంచెవి ఉంది. రింగుకు కొత్త లైటు ఉంది.

"ఎవరు ముందు?" అంది చిన్నమ్మి.

మామ్మ తాళంచెవి పట్టుకుని చెయ్యి చాచింది. సోఫియా వచ్చి తీసుకుంది. చెప్పులు విప్పి కుర్చీ పక్కన పెట్టింది.

"ఎదరికి పట్టకు," అంది మామ్మ.

"తెలుసు మామ్మా."

సోఫియా చెయ్యి వీపు వెనక పెట్టి లైటు నొక్కింది. ఆమె ముందంతా చీకటి. పనస చెట్టు, వేరు, పదకొండు అడుగులు. కాలికి రాయి చల్లగా తగిలింది. కుడికి దిగింది. వెనక అడుగుల చప్పుడు ఎక్కడా ఆగలేదు. ప్రతి ఏడూ కాఫీ తోట దాటగానే మామ్మ పాట ఎత్తుకునేది. ఈసారి ఎవరూ ఎత్తుకోలేదు.

గెడ్డలో మూడో రాయి ఎడమ అంచు మీద కాలు పెట్టింది. రాయి కదల్లేదు. ఆమె వెనక్కి తిరగలేదు.

అవతలి ఒడ్డుకు చేరాక పక్కకు జరిగి, ఆఖరి రాయి మీద వెలుగు పడేలా లైటు పట్టుకుంది. ముందు అమ్మ పాదాలు వచ్చాయి. తరవాత మిగతావి. ఆఖరున చిన్నమ్మి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఒడ్డెక్కింది.

సోఫియా లైటు ఆర్పలేదు. ఖాళీ రాయి మీద అలాగే పట్టుకుని నిలబడింది. తోట అవతల మామ్మ ఉన్న వరండా బల్బు కనిపిస్తోంది.

"అందరం వచ్చేశామే," అంది అమ్మ. "ఇంకెవరూ లేరు."

"తెలుసమ్మా," అంది సోఫియా.

ఇంకాసేపు పట్టుకుంది. తరవాత గుట్ట వైపు తిరిగి, చెయ్యి వెనక్కి పెట్టి, ఎక్కడం మొదలుపెట్టింది.