తొంభై ఆరుగురిలో అమ్మ

లెక్కలాయన ఆ రోజు పెందలాడే లేచాడు. వచ్చిన చిక్కల్లా అదే.

వీధిలో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. మోకాళ్లు, తుంటి కీళ్లు మార్పించుకున్నవాళ్ల వివరాలు సేకరించి, ఏ రకం కీలు ఎంతమందికి బాగా పనిచేస్తోందో ఏటేటా జనానికి తెలియజేసే ఆఫీసులో అతనికి ఉద్యోగం. ఈ ఏటి నివేదిక సాయంత్రానికి అచ్చుకి వెళ్లాలి. ఈలోగా అమ్మని పరీక్షలకని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆవిడకి కుడి మోకాలు మార్పించి ఏడాదైంది. వచ్చే వారం ఎడమది. అదే డాక్టరు, అదే రకం కీలు.

భార్య టీ వడగడుతూ మెట్ల వైపే చూస్తోంది. పైగదిలో అత్తగారి కుట్టుమిషను చప్పుడు ఆగి చాలాసేపయింది. కొడుకు నిద్ర లేవకముందే కిందికొచ్చి కూర్చోవడం ఆవిడకి అలవాటు. ఎందుకో కోడలికి ఒక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పనని మాట కూడా ఇచ్చింది.

“అమ్మా, టీ చల్లారిపోతోంది! కారొచ్చేస్తుంది!”

“చొక్కాకి కాజాలు కుడుతున్నానురా. నువ్వు తాగేసెయ్!”

“పొద్దున్నే కాజాలేంటి!” అతను నవ్వుతూ భార్య వైపు తిరిగాడు. “భయం! ఒకసారి చేయించుకున్నదే కదా. నూటికి తొంభై ఆరుగురు హాయిగా మెట్లెక్కి దిగుతున్నారు. నోటికొచ్చిన మాట కాదు, లెక్క.”

“ఆ తొంభై ఆరుగురూ తమ నోటితో చెప్పారా?”

“మరి? మనిషి ఒప్పుకోనిదే మా దగ్గర ఒక్క అక్షరం రాయం. మొన్న ఒకాయన అడక్కుండా రాసేశాడని ఆఫీసు అదిరిపోయేలా కేకలేశాను.”

“అత్తయ్యని అడిగారా?”

“ఇంట్లో మనిషిని అడిగేదేముంది? ఒప్పుకున్నట్టు నేనే టిక్కు పెట్టి, జవాబులూ నేనే నింపేశాను. నొప్పి లేదు, నడక బాగుంది, మెట్లు దిగుతుంది. రోజూ చూస్తూనే ఉన్నానుగా!”

గ్లాసులో పోస్తున్న టీ కోడలి చేతి మీద ఒలికింది. ఆమెకి ఆ మంట తెలియలేదు.

“ఆవిడ మెట్లు దిగడం ఎప్పుడైనా చూశారా మీరు?”

“ఏంటా ప్రశ్న? రోజూ కింద కూర్చున్న మనిషి ఎగిరొచ్చి కూర్చుందా?”

“మీరు లేచేసరికి కింద ఉంటారు. మీకు తెలిసింది అంతే.”

అతని మొహంలో నవ్వు పోయింది. “ఏదైనా ఉంటే నాకు చెప్పదా? కన్నకొడుకుని!”

“కన్నకొడుకు కాబట్టే చెప్పలేదండీ! ‘వాడు ఏరికోరి చూపించిన డాక్టరు, ఇప్పుడు బాగా లేదంటే వాడి మొహం చిన్నబోదూ’ అంటూ నా నోరు కుట్టేశారు.”

“అంటే ఏడాదిగా ఇద్దరూ కలిసి నా దగ్గర నాటకం ఆడారన్నమాట! ఆపరేషన్ వారంలో పెట్టుకుని ఇప్పుడా చెప్పడం?”

“ఒరేయ్!”

ఇద్దరూ తలెత్తారు. ఆవిడ పైమెట్టు దగ్గర నిలబడి ఉంది. మెడలో టేపు వేలాడుతోంది.

“దాన్నేమీ అనకు. నీ తొంభై ఆరుగురిలో నేనూ ఉన్నానా?”

అతను మెట్ల వైపు ఒక అడుగు వేశాడు.

“దిగుతానని రాశావుగా. చూడు మరి.”

ఆవిడ వెనక్కి తిరిగింది. రెండు చేతులతో మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, నిచ్చెన దిగే మనిషిలా, వంగని కుడికాలిని కర్రలా చాచి కింది మెట్టు కోసం వెతికింది. ఒళ్లంతా ఎడమకాలి మీదే ఆనించింది. ఆ కాలు గజగజ వణికింది. సగం దిగి ఆగిపోయింది. కమ్మీకి నుదురు ఆనించి పళ్ల బిగువున ఊపిరి తీసుకుంది.

అతను చూస్తూ నిలబడిపోయాడు. అమ్మని మోస్తున్నది ఆ పాత మోకాలే. వచ్చే వారం తీసెయ్యబోతున్నదీ దాన్నే.

ఒక్క అంగలో పైకెళ్లి ఆవిడ కింద మెట్టు మీద కూలబడ్డాడు. “ఎందుకు చెప్పలేదమ్మా?”

“నువ్వు అడిగితే కదా! ‘బాగుంది కదమ్మా’ అంటావు. అది అడగడమా?”

బయట కారు హారన్ మోగింది. కోడలు గుమ్మం వైపు వెళ్లబోయి ఆగింది. అతను ఆఫీసుకి ఫోన్ చేశాడు.

“నివేదిక అచ్చుకి పంపకండి. రోగుల బదులు ఇంట్లోవాళ్లు ఎన్ని జవాబులు చెప్పారో తేల్చాలి. అవును, మొదటి తప్పు నాదే.” ఫోన్ పెట్టేసి భార్య వైపు చూడలేక చూశాడు. “ఆసుపత్రికి వెళ్దాం. కుడికాలు చూపించడానికి. ఎడమ మోకాలి సంగతి అమ్మ చెప్పినప్పుడే.”

తర్వాత అమ్మ పాదం మీద చెయ్యి వేశాడు. “అమ్మా, నిన్ను కొన్ని అడగనా? నువ్వు చెప్పింది రాసుకోనా?”

“వద్దంటే?”

“రాయను.”

ఆవిడ కొడుకు నడినెత్తి వైపు చూసింది. “అడుగు. ముందు ఆ టీ వేడి చేసి ఇమ్మను. చల్లారిపోతోందని ఇందాకట్నుంచి ఒకటే అరుపులు!”

కోడలు కన్నీళ్లతోనే నవ్వింది.

“నొప్పి ఉందా అమ్మా?”

ఈసారి అతను జవాబు కోసం ఆగాడు.

“ఉందిరా,” అంది ఆవిడ. అన్నాక గానీ ఏడుపు రాలేదు.