మొదటి పాటకు పడిన మార్కులు

2071 నాటికి కాకినాడలో విశ్వాసమాపకం ఒప్పుకోని పాటను ఏ చర్చిలోనూ వేయడం లేదు. మనసులో ఉన్నది పాడేవాడి గొంతు కంపనం ఒకలా, నోటికొచ్చింది పాడేవాడిది ఇంకోలా ఉంటుందని దాన్ని కనిపెట్టినవాళ్లు తేల్చారు. దాని సెన్సర్‌కి గొంతు వినిపిస్తే చాలు, నమ్మకం ఎంతుందో నూటికి ఇన్నని చెప్పేస్తుంది. జాజ్ అయినా, మెటల్ అయినా, డప్పు మీద రాప్ అయినా దానికొకటే.

క్రైస్తవ సంగీత పత్రికకు సమీక్షలు రాసే ఫిలేమోనుకి ఈ యంత్రం పెద్ద ఊరట. వారం వారం వచ్చిపడే ఆల్బమ్‌లు విని విని ఆయనకు పాటంటేనే విసుగు పుట్టింది. మొదటి పాట తప్పితే మిగతావి కొలవక్కర్లేదని పత్రికవాళ్లు నియమం పెట్టాక పని ఇంకా తేలికైంది. ఇప్పుడాయన పాటలు వినడు. కళ్లు మూసుకుని పైకి ప్రార్థన చేస్తాడు, సెన్సర్ ఆన్ చేసి ఆల్బమ్ పెట్టి టీకి వెళ్తాడు, వచ్చి యంత్రం చెప్పింది రాస్తాడు. ప్రార్థన మాత్రం ఏనాడూ మానలేదు, పాపం.

హెప్సిబా అనే రాప్ గాయని తొలి ఆల్బమ్‌కి నూటికి మూడొచ్చింది. మొదటి పాట అప్పజెప్పిన పాఠంలా ఉంది, ప్రాణం లేదు అని రాసి పంపేశాడు. పత్రిక రాగానే ఆమె ఒప్పుకున్న సభలన్నీ రద్దయ్యాయి. ఇక ఆమెను పిలిచే చర్చి లేదు.

ఆమె తిన్నగా ఆఫీసుకే వచ్చి, వందనాలు చెప్పి కూర్చుంది. పోయిన తమ్ముడి గురించి దేవుణ్ణి నిలదీస్తూ ఆ పాట పాడిందట. ఏడుపు ఆపుకుని పాడటానికి చాలా రోజులు పట్టిందట. యంత్రం విన్నదేదో తననూ ఒకసారి విననివ్వమంది.

ఫిలేమోను నీరసంగా యంత్రం దాచుకున్న రికార్డింగు పెట్టాడు. డప్పు వినిపించలేదు.

"పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ దినమును బట్టి నీకు స్తోత్రములు..." అంటూ ఓ మగ గొంతు గుక్క తిప్పుకోకుండా ఆమేన్ దాకా పరుగెత్తింది. చివర్లో ఓ ఆవులింత కూడా ఉంది. ఆ రోజు ప్రార్థనకు ముందే సెన్సర్ ఆన్ చేశానని, యంత్రం దాన్నే మొదటి పాటగా కొలిచిందని ఆయనకప్పుడు అర్థమైంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"ఇది నా గొంతు కాదండీ అయ్యగారూ," అంది హెప్సిబా.

"నాదేనమ్మా. తప్పయిపోయింది. సవరణ వేయించి మార్కులు మారుస్తాను."

ఆమె అలసటగా లేచింది.

"మార్కులు మార్చక్కర్లేదండీ. పేరు మార్చండి, చాలు."